అద్దం లోపలి తడి

మా ఆయన చేసిన కెమెరా గొట్టంలోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక, ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయింది. నాకు దాని మూతకుండే ఓరింగు మీద అనుమానం. మా ఆయనకు నా జుట్టు మీద అనుమానం. మా తమ్ముడికి గొట్టం మీదే కాదు, మా ఆయనలా గోదావరి వైపు నుంచి వచ్చిన మనుషులందరి పనితనం మీదా అనుమానం. మా నాయినకు మాత్రం ఏ అనుమానమూ లేదు. అవి తన నీళ్ళేనన్నాడు.

నాచారంలో మాకొక చిన్న షెడ్డు ఉంది. బోరు మోటార్లకు షాఫ్టులు, బుష్షులు చేస్తాం. లేత్ మీద నిలబడేది మా ఆయన. తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, సరిగ్గా ఉంటేనే బయటికి పంపేది నేను. పెళ్ళయిన కొత్తలో ఆయన చేసిన బుష్షొకటి తిప్పి పంపానని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆయనకు కోపమొస్తే నోరు మూసుకుంటాడు. నాకు కోపమొస్తే గిన్నెలు మాట్లాడతాయి.

ఆ మధ్య ఒక బోరు మెకానిక్కు, బోరులోకి దింపి లోపల చూసే కెమెరా కావాలని అడిగాడు. మా ఆయన ఎగిరి గంతేశాడు. పిడికిట్లో పట్టేంత లావు స్టీలు గొట్టం, కొసన పక్కగోడ కనబడేలా ఏటవాలుగా బిగించిన మందపాటి అద్దం, దాని వెనక చిన్న కెమెరా, కెమెరా చుట్టూ లైట్లు. వెనక వైపు మర తిప్పే మూత. ఆ మూతకు ఓరింగు, అంటే కుక్కరు మూతకుండే గాస్కెట్టు లాంటిదే, కాకపోతే చేతి గాజు కంటే సన్నం. అది సరిగ్గా కూర్చుంటే చుక్క నీరు లోపలికి పోదు. దాని కింద ఒక వెంట్రుక ఇరుక్కున్నా చాలు, లోతుకు పోయేసరికి నీళ్ళు ఆ సందు వెతుక్కుని దూరతాయి. పొడుగాటి కేబులు, పైన చిన్న తెర. అంతా తయారయ్యాక ఆ మెకానిక్కు ఫోనెత్తడం మానేశాడు. గొట్టం మా బీరువా మీదికెక్కి కూర్చుంది. బూజు దులిపినప్పుడల్లా నేనేదో ఒకటి అనేదాన్ని, ఆయన విననట్టు పేపరు తిప్పేవాడు.

అది కిందికి దిగడానికి కారణం మా నాయిన బోరు.

మా నాయిన ఉప్పల్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బోరు వెయ్యాలంటే ముందు ఆయన్ని పిలిచేవాళ్ళు. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా జాగా అంతా నడిచేవాడు. ఒక చోటికి వచ్చేసరికి కాయ మెల్లగా నిక్కి నిలబడేది. అక్కడ మడమతో నేలను గీసి, "గీడ కొట్టుండ్రి" అనేవాడు. రామంతాపూర్‌లో, హబ్సిగూడలో, మల్లాపూర్‌లో ఆయన మడమ గీసిన చోట్ల నీళ్ళు పడ్డాయి. కాయ ఎట్లా లేస్తుందని నన్నడిగితే నాకు తెలియదు. నేను డిప్లొమా చదివినదాన్ని, మైక్రోమీటరు పట్టుకుని బతికేదాన్ని. కాయ లేవడం కళ్ళారా చూసినదాన్ని కూడా. ఈ రెండింటినీ ఒక తలకాయలో పెట్టుకుని ఇన్నేళ్ళు బాగానే నెట్టుకొచ్చాను.

తర్వాత అపార్టుమెంట్లు వచ్చాయి. ప్రతి అపార్టుమెంటు పక్కదాని కంటే లోతుకు బోరు దింపింది. మా నాయిన చూపెట్టిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి గాలి లాగడం మొదలుపెట్టాయి. చివరికి మా తమ్ముడి ఇంటి పక్క ఖాళీ జాగాలోది ఒక్కటే మిగిలింది. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు, అయినా మా నాయిన రోజూ పొద్దున మోటారు ఆయనే వేసేవాడు. పైపులోంచి మొదటి నీళ్ళు దుమికే చప్పుడు విన్నాకే చాయ్ తాగేవాడు. ఈ ఎండాకాలం ఆ చప్పుడు ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి మోటారు, పైపులు అన్నీ పైకి లాగి, "పెద్దాయనా, ఇగ ఇందుల ఏం లేదు" అని పోయాడు.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ఆ జాగాలో రెండు గదులు వెయ్యాలనుకున్నాడు. మేస్త్రీ ముగ్గు పోస్తే ఒక పిల్లరు గుంత బోరు నెత్తి మీదికే వచ్చింది. బోరును కాంక్రీటుతో నింపి దాని మీద పిల్లరు లేపుతామన్నాడు మేస్త్రీ.

మా నాయిన గొడవ చెయ్యలేదు. గొడవ చేస్తే బాగుండేది. గోడకానుకుని కూర్చుని, "ఒక్కసారి లోపల సూసి మూయిండ్రి. తూర్పు దిక్కు ఊటున్నది. అది ఇంక సావలేదు" అన్నాడంతే. తర్వాత పొద్దుటి చాయ్ మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే వేడి పడతలేదన్నాడు.

మా తమ్ముడు చెడ్డవాడు కాదు. తిక్కవాడు. నాకు ఫోన్ చేసి, "అక్కా, బావ కాడ ఆ కెమెరా ఉన్నది గద, జర తీస్కరాండ్రి. ఊట కనవడితే పిల్లర్ జరిపిస్త, మేస్త్రీతోని నేనే కొట్లాడ్త. కనవడకపోతే మూసేస్త. మల్ల నన్నెవ్వరు ఒక్క మాట అనొద్దు" అన్నాడు. మా నాయిన కూడా సరేనన్నాడు. అట్లా బీరువా మీది గొట్టం మా ఇంటి తగువుకు పెద్దమనిషిగా దిగింది.

మొదటిసారి దింపిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఎండ మాడ్చేస్తోంది. తెరను ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాం. దాని మీద ఎండ పడితే ఏమీ కనబడదు కాబట్టి మా తమ్ముడు తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి, "జల్ది కానియ్ బావా, శెయ్యి గుంజుతున్నది" అని ఒకటే గోల. మా ఆయన కేబులు మెల్లమెల్లగా వదులుతున్నాడు. కేబులుకు ఒక వైపు పొడుగునా ఎర్ర టేపు అంటించాం. ఆ టేపు తూర్పుకు ఉంటే తెర మీద కనబడేది తూర్పు గోడ. మా నాయిన ఆ సంగతి వెంటనే పట్టేసి, టేపు తిరిగినప్పుడల్లా "అల్లుడా, మర్లింది, మర్లింది" అని హెచ్చరిస్తున్నాడు.

పై మట్టి కూలకుండా వేసిన కేసింగు పైపు దాటింది. ఎర్రటి రాయి వచ్చింది. దాని తర్వాత నల్లరాయి మొదలయ్యే చోట ఊట ఉంటుందని మా నాయిన ముందే చెప్పాడు. నల్లరాయి ఇంకా రాకముందే తెర మసకబారింది. మసకలోంచి ఒక చుక్క తయారై జారింది. దాని వెనక ఇంకోటి.

"సూసినవా!" మా నాయిన కుర్చీ మీద నుంచి లేచాడు. "ఊట! నేను చెప్పలే?"

"నాయినా, అది ఊట గాదు. కెమెరా లోపటికి నీళ్ళు పోయినయ్" అన్నాడు మా తమ్ముడు.

"లీకయ్యే ప్రసక్తే లేదు" అన్నాడు మా ఆయన. ఆయన మొహం మాడిపోయింది.

పైకి లాగి చూస్తే అద్దం లోపలి వైపు తడి. వేలితో బయట రుద్దితే పోవడం లేదు. మా తమ్ముడు తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. మా నాయిన మాత్రం, "లోపటికి పోయినయంటే బయట ఉన్నట్టే గద?" అన్నాడు. నిజమే కదా, నీళ్ళే లేని బోరులో గొట్టం లోపలికి నీళ్ళు ఎక్కడివి? అడుగున కాసిని నీళ్ళున్నాయేమో కానీ, గొట్టం అక్కడిదాకా దిగనే లేదు. అయితే ఊట మీద పడుతున్నట్టేనా? పడుతుంటే అద్దం బయట తడి ఏది? ఎటు ఆలోచించినా గోడ తగులుతోంది.

ఇంటికొచ్చి గొట్టం విప్పాం. కెమెరా కదలకుండా చుట్టూ దూది కుక్కుతాం. ఆ దూది చేతికి చల్లగా తగిలింది. ఓరింగు మీద గీత లేదు. మా ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసి, మెల్లగా అన్నాడు.

"నీ వెంట్రుకేదైనా పడిందేమో చూశావా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను కొప్పేసుకున్న. ముందు మీ మీసం సంగతి సూస్కోండి" అన్నాను. ఆ పూట గిన్నెలు బాగా మాట్లాడాయి.

మర్నాడు షెడ్డులో పరీక్ష పెట్టాం. గొట్టానికి బరువు కట్టి నీళ్ళ డ్రమ్ములో ముంచి, పొద్దుటి టిఫిను నుంచి మధ్యాహ్నం భోజనం దాకా వదిలేశాం. తీసి చూస్తే లోపల పొడిపొడిగా ఉంది. మా ఆయన ఆ గొట్టాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. డ్రమ్ములో లోతు ఎక్కడిది, బోరులోనే కారుతుందేమో అన్నాను నేను. బోరులో గొట్టం నీళ్ళదాకా దిగనే లేదు కదా, లోతుతో పనేంటి అన్నాడాయన. ఇద్దరం చెప్పేదీ నిజమే. అదే మా బాధ.

రెండోసారికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాం. షెడ్డులో దుమ్ము ఉంటుందని ఇంట్లో హాల్లో కూర్చున్నాం. తలుపులు మూసేశాం. నా తలకు రుమాలు కట్టుకున్నాను, ఆయన మూతికి కట్టాను. చెమట చుక్క ఓరింగు మీద పడితే పనంతా పాడవుతుందని కూలరును మా మీదికే తిప్పుకున్నాం. దాని వట్టివేళ్ళ వాసనలో, చల్లటి గాలిలో, ఓరింగుకు గ్రీజు రాసి, ఏ వైపు నుంచి నీళ్ళు వస్తున్నాయో తెలియాలని ఈసారి దూది ఇంకా ఎక్కువ కుక్కి, మూత బిగించాం. ఆపరేషన్ చేసే డాక్టర్లకు కూడా అంత శ్రద్ధ ఉండదనుకున్నాను.

రెండోసారి తెర ఇంకా తొందరగా మసకబారింది. చుక్కలు ఇంకా పెద్దవి.

మా తమ్ముడు తువ్వాలు కింద పడేసి, "బావా, ఏమన్న అనుకో, గిది కెమెరా గాదు, చెంబు" అన్నాడు. మా ఆయన కేబులు చుట్టేశాడు. ఇంటికి వచ్చేదాకా స్కూటరు మీద నాతో కూడా మాట్లాడలేదు. ఆయన చేసిన వస్తువును ఎవరైనా అట్లా అనడం నేను మొదటిసారి విన్నాను. నేను వెయ్యి అంటాను, అది వేరే సంగతి.

అటు మా నాయిన పొద్దుటి చాయ్ మళ్ళీ మొదలుపెట్టాడు. వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళను పిలిచి, "కెమెరా అద్దం మీద బొటబొట పడ్డయ్" అని చెప్తున్నాడట. మేస్త్రీ ఫోన్ చేస్తే మా తమ్ముడు మనుషులను ఇప్పుడే పంపొద్దని వాయిదా వేశాడు. వేసి, ఆ కోపం నా మీద చూపించాడు. "అక్కా, నువ్వన్న ఒక మాట చెప్పు. అవి ఊట నీళ్ళా, లీక్ నీళ్ళా? పిల్లర్ జరపాల్నా, వద్దా?"

ఊట అంటే అబద్ధమేమో. లీకు అంటే మా ఆయన పని తప్పని ఒప్పుకోవాలి. ఇంకా చూస్తున్నాం అని పెట్టేశాను. ఆ రోజుల్లో నేను ఏ గిన్నె మూత తీసినా మూత లోపలి నీళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయేదాన్ని. చూస్తూ కూడా నాకు తట్టలేదు.

తట్టింది సింకు దగ్గర. మా నాచారంలో కూడా బోరు నీళ్ళే, అవీ ఉప్పువే. కుళాయి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. స్టీలు గ్లాసు తుడవకుండా బోర్లించామా, ప్రతి చుక్కా ఎక్కడ ఆరితే అక్కడ తెల్ల మచ్చ. వాటిని నిమ్మచెక్క పెట్టి తోముతూ ఉంటాను, తిట్టుకుంటూ ఉంటాను. ఆ రోజు కూడా అదే పనిలో ఉన్నాను. పక్కన కిటికీలో విప్పి పెట్టిన కెమెరా అద్దం ఉంది. విప్పిన రోజు దాని లోపలి వైపు నిండా చుక్కలు. రాత్రికి అవి ఆరిపోయాయి. అద్దం మీద ఒక్క మచ్చ లేదు.

చేతులు తుడుచుకుని అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. కొత్త అద్దంలా ఉంది. ఆ రోజే తీసి డబ్బాలో మూసి దాచిన తడి దూదిని పిండితే వేలి మీదికి కాస్త తడి వచ్చింది. నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. మా తమ్ముడి బోరు నీళ్ళు నాలుక మీద పడితే మొహం ముడుచుకుపోతుంది. ఇవి ఆ నీళ్ళు కావు. ఊట నీళ్ళు కావు, లీకు నీళ్ళూ కావు. మరి ఇవెవరి నీళ్ళు?

వెనక్కి తిరిగాను. హాల్లో కూలరు గుడుగుడుమంటూ తిరుగుతోంది. దాని ముందు టీపాయ్ మీద మూడోసారి కోసమని మా ఆయన విప్పి పెట్టిన దూది కట్ట.

నేను గట్టిగా నవ్వానట. ఏం పగిలిందోనని మా ఆయన స్నానాల గది నుంచి సబ్బుతో వచ్చాడు.

గొట్టాన్ని అప్పటికప్పుడు మూసి, లైటు వేసి, అద్దం కొసను మంచు నీళ్ళ పళ్ళెంలో ఆనించాం. కాసేపటికి అద్దం లోపల మసక, మసకలోంచి చుక్క. నీళ్ళు బయటి నుంచి రాలేదు. మొదటిసారి బీరువా మీద మూత లేకుండా పడున్నప్పుడు కొంత, రెండోసారి హాల్లో మూసినప్పుడు ఇంకా ఎక్కువ, కూలరు గాలిలోని తడిని దూది తాగింది. లైటు వేడికి ఆ తడి ఆవిరై, బోరు చల్లదనం తగిలిన అద్దం మీద నీళ్ళయింది. డ్రమ్ములో లైటు ఎందుకు దండగ అని వెయ్యలేదు, అందుకే అక్కడ పొడిగా ఉంది. చెమట పడకుండా కూలరు పెట్టుకున్నది మేమే, అనుమానం పెరిగినకొద్దీ దూది ఎక్కువ కుక్కింది మేమే. ఎంత జాగ్రత్త పడితే అన్ని నీళ్ళు లోపల పెట్టి మూశాం.

"లీకవలేదు! చుక్క లీకవలేదు!" అని మా ఆయన తడి ఒంటితోనే హాలంతా తిరిగాడు. "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. చెంబన్నాడు కదా, చెంబని!"

నేను ఫోన్ తీశాను కానీ నొక్కలేదు. ఒక ఆలోచన అప్పుడే గుచ్చుకుంది. ఈ నీళ్ళు మావైతే, మా నాయినవి ఏవి? రోజూ పొద్దున ఆయన దేన్ని నమ్ముకుని చాయ్ తాగుతున్నట్టు? మా కూలరు నీళ్ళను.

మూడోసారి గొట్టాన్ని షెడ్డు కప్పు మీద, ఎర్రటి ఎండలో మూశాం. దూది తీసేసి రబ్బరు ముక్కలు పెట్టాం. మందుల కంపెనీలకు డబ్బాలు సరఫరా చేసే మా పక్క షెడ్డాయన, తడి పీల్చే పొట్లాలు గుప్పెడు ఇస్తే, ఒకటి లోపల వేశాం. చెమట ధారగా కారింది. మా ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని మూత బిగించాడు.

దింపే ముందు మా నాయినకు చెప్పెయ్యాలనుకున్నాను. ఆయన తెర ముందు కూర్చుని అప్పటికే టేపు ఎటుందో చూస్తున్నాడు. పక్కన కూర్చుని, "నాయినా, మొన్నటివి నీ నీళ్ళు గావు" అన్నాను.

"మరెవ్వలియి?"

"మావే. కూలర్ ముంగట మూసినం గద, దూది తడి గుంజింది. గదే అద్దం మీద చుక్కలైంది."

నేను ఎగతాళి చేస్తున్నానేమోనని నా మొహం చూశాడు. కాదని తెలిసిందనుకుంటాను. బోరు మూతి వైపు చూసి, "అయితే గిప్పుడు సక్కగ సూడుండ్రి" అన్నాడు.

ఈసారి తెర అద్దంలా ఉంది. కేసింగు అతుకులు, ఎర్రరాయి మీద డ్రిల్లింగు చేసిన గీతలు, అన్నీ కనబడుతున్నాయి. మా తమ్ముడు తువ్వాలు పట్టుకుని వంగి మరీ చూస్తున్నాడు. ఎర్రరాయి అయిపోయింది, నల్లరాయి మొదలైంది. మా నాయిన "ఆపు" అన్నాడు. మా ఆయన కేబులు ఆపి, ఎర్ర టేపును తూర్పుకు తిప్పాడు.

అక్కడ పగులుంది. వేలు పట్టేంత పగులు, నల్లరాయిలో అడ్డంగా. సరిగ్గా ఆయన చెప్పిన చోట, చెప్పిన దిక్కున. పగులు కింద నుంచి రాయి మీద తెల్లటి చార, కిందికి పోయినకొద్దీ వెడల్పయి, తెర దాటిపోయింది.

"తెల్లగ ఏంది బిడ్డా అది?"

"నీళ్ళు పారిన మచ్చ నాయినా. మన బకెట్లకు పడ్తది సూడు, గదే."

"పారుతున్నయా?"

నేను తెరకు మొహం ఆనించినంత పని చేశాను. పగులు పొడిగా ఉంది. దాని అంచు మీద దుమ్ము కూడా కనబడుతోంది. అంత శుభ్రంగా కనబడే కెమెరా చేసిన మా ఆయన మీద ఆ క్షణంలో నాకు కోపమొచ్చింది.

"లేవు నాయినా" అన్నాను.

అడుగుదాకా దింపాం. మడుగులా కాస్త బురద నీళ్ళు, వాటి మీద కదలిక లేదు. పైకి లాగేశాం.

గెలిచింది మా తమ్ముడే. కానీ వాడి మొహంలో గెలిచిన కళ లేదు. తువ్వాలు మడత పెడుతూ, "జాగ మాత్రం సక్కగనే సూపెట్టినవ్ నాయినా. వేలు పెట్టి సూపెట్టినట్టే ఉన్నది" అన్నాడు.

"జాగ సూపెట్టుడు కాదు రా నా పని. నీళ్ళు సూపెట్టుడు" అన్నాడు మా నాయిన. తెర వైపు నుంచి మొహం తిప్పుకుని, "మూయిండ్రి. మేస్త్రీని రమ్మను" అన్నాడు.

మా ఆయన గొట్టం తుడిచి సంచిలో పెట్టబోతున్నాడు. మా నాయిన లేచి ఇంట్లోకి పోతాడనుకున్నాను. పోలేదు. నన్ను చూసి అన్నాడు.

"బిడ్డా, ఆ దూది ఉన్నదా?"

"ఏ దూది?"

"గదే, తడి గుంజుతది అన్నవ్ గద. మనింట్ల కూడ కూలర్ నడుస్తనే ఉన్నది. దాని ముంగట పెట్టి, మల్లొక్కపారి దించుండ్రి. ఆ పగులు కాడికి."

"నాయినా, అవి నీళ్ళు గావు. మనం పెట్టిన తడే."

"నాకెరక లేదా?" అన్నాడు. కసురుకోలేదు, మామూలుగా అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. లీకు కాదని నిరూపించడానికి ఆ మనిషి ఎండలో మాడి మూత బిగించి ఇంకా పూట కాలేదు. ఆయన మూత విప్పి, పొట్లం తీసి జేబులో వేసుకున్నాడు. మా తమ్ముడు లోపలికి పోయి, దేవుడి గూట్లో వత్తుల కోసం పెట్టిన దూది తెచ్చాడు. హాల్లో కూలరు ముందు అందరం కూర్చున్నాం. దూదిని విడదీసి గాలికి పరిచాం. మా నాయిన మధ్యమధ్యలో దాన్ని వేళ్ళతో నొక్కి చూసి, "ఇంకొంచెం కానియ్" అన్నాడు.

మళ్ళీ దింపాం. పగులు దగ్గర ఆపి, టేపు తూర్పుకు తిప్పి, లైటు వేసి ఉంచాం. ముందు మసక కమ్మింది. పగులు మీద పొగ పట్టినట్టయింది. తర్వాత, సరిగ్గా పగులు ఉన్న చోటే, ఒక చుక్క ఊరింది. బరువెక్కి, తెల్ల చార వెంబడి కిందికి జారింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక వరసగా. అది మేము కుక్కిన దూది అని తెలుసు, కూలరు గాలి అని తెలుసు, నా చేత్తో నేనే పెట్టానని తెలుసు. అయినా రాయిలోంచి నీళ్ళు వస్తున్నట్టే కనబడింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మా నాయిన కుడి అరచేయి ఒళ్ళో వెల్లకిలా తెరుచుకుని ఉంది, లోపల కాయ ఉన్నట్టు.

"గిట్లనే వచ్చినయ్ బిడ్డా, బోరు కొట్టిన ఆ పొద్దు" అన్నాడు.

తెర మీద చుక్కలు జారుతూనే ఉన్నాయి. మా తమ్ముడు తెర మీద ఎండ పడకుండా తువ్వాలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. చెయ్యి గుంజుతుందని ఈసారి అనలేదు.